మలుపు తిరిగే శబ్దం

మా పెనుకొండలో బండి సైలెన్సర్ పగిలినవాళ్ళు నేరుగా హిందూపురం రోడ్డులో కట్టెల డిపో పక్కనున్న రేకుల షెడ్డుకు పోతారు. ఆ షెడ్డుకు బోర్డు లేదు. ముందరి కమ్మీకి పాత సైలెన్సర్లు పొట్లకాయల్లా వేలాడుతుంటాయి, అదే గుర్తు. లోపల భార్యాభర్తలిద్దరు పనిచేస్తుంటారు. ఇంజను పని ముబారక్‌ది, నిప్పు పని షహనాజ్‌ది. నల్లద్దాలు పెట్టుకుని, కొంగు నడుముకు బిగించి, గ్యాస్ మంటతో ఆమె పైపు అతికిస్తుంటే, మొదటిసారి వచ్చినవాళ్ళు తమ బండి సంగతి మరిచి చూస్తూ నిలబడతారు. ఆమెకు అది నచ్చదు.

"ఏమప్పా, మంట చూస్తే కండ్లు పోతాయి. అట్ల తిరుక్కో" అంటుంది.

ఊళ్ళో చిన్నా పెద్దా ఆమెను షహనాజక్క అనే పిలుస్తారు. ఆమెకంటే వయసులో పెద్దవాణ్ణయిన నేనూ అట్లాగే పిలుస్తాను. నేను పాల కేంద్రంలో పాలు పోయించుకునే పనిలో ఉన్నాను. నా బండి పని కోసం ఆ షెడ్డుకు పోతూ వస్తూ ఆమె గురించి కొంత తెలుసుకున్నాను. కొంత నా కళ్ళ ముందరే జరిగింది.

షహనాజ్ పుట్టిల్లు హిందూపురం. నాయన గౌస్‌సాబ్ రేకుపని చేసేవాడు. ట్రంకుపెట్టెలు, గరాటలు, జల్లెళ్ళు చేసేవాడు, కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసేవాడు. కొడుకులు లేని ఇల్లు కాబట్టి రేకు పట్టుకోవడానికి కూతురే కావలసి వచ్చింది. పంపు స్టవ్వు వెలిగించి, మంట చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడి వినమనేవాడట ఆయన. బర్నరు చిల్లిలో నలుసు ఉంటే ఒక రకంగా బుసకొడుతుంది, గాలి ఎక్కువైతే ఇంకో రకంగా. "చెప్పు మే, దీనికి ఏం రోగం?" అని అడిగేవాడట. తప్పు చెబితే నవ్వేవాడు, సరిగ్గా చెబితే టీ తాగించేవాడు. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ ఆ వినడం మాత్రం ఆగలేదు.

ముబారక్‌ను పెళ్ళిచేసుకుని పెనుకొండ వచ్చిన కొత్తలో షెడ్డులో వెల్డింగు చేసే మనిషి బెంగళూరికి పోయాడు. ఆ పని తాను చేస్తానంది షహనాజ్. ఆడమనిషి మంట పట్టుకోవాల్సింది పొయ్యి దగ్గరే గానీ రోడ్డు మీద కాదని అత్త హుస్సేన్‌బీ అడ్డం చెప్పింది. కోడలు ఇంట్లో కారుతున్న రాగి బిందెను తీసుకుపోయి అతికించి తెచ్చింది. మరునాడు అత్త దాంట్లో నీళ్ళు పోసి, తెల్లారేదాకా కింద తడి కోసం చూసి, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

కొన్నేళ్ళకు కుర్రకారులో సౌండు పిచ్చి మొదలైంది. హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి పిల్లలు బండ్లు తెచ్చి, సైలెన్సర్ లోపల పొగకు అడ్డముండే చిల్లుల జాలి పొడిచేయమని అడిగేవాళ్ళు. ముబారక్ ఒక ఇనుప కడ్డీతో పొడిచేసి ఇచ్చేవాడు. బండి తుపాకిలా పేలుతూ పోయేది. వారం తిరక్కుండా అదే పిల్లవాడు తిరిగొచ్చేవాడు.

"అన్నా, సౌండు వచ్చింది గానీ పికప్ పోయింది. ఇద్దరు కూర్చుంటే ఎత్తు గడ్డ ఎక్కడంల్యా."

ఈ ఫిర్యాదు విని విని షహనాజ్‌కు పట్టుదల వచ్చింది. ఒక పాత సైలెన్సర్‌ను కాకరకాయలా నిలువునా కోసి లోపల చూసింది. గదులు, గదుల మధ్య అడ్డగోడలు, చిల్లుల గొట్టాలు. పొగ నేరుగా బయటికి రాకుండా తిరిగి తిరిగి వస్తుంది. అడ్డం తీసేస్తే శబ్దం పెరుగుతుంది, నిజమే. కానీ ఇంజను నుంచి పొగ ఒక ఊపుతో పోవాలి. ముందు పోయిన పొగ వెనక వచ్చేదాన్ని లాక్కునిపోవాలి. గొట్టం ఒక్కసారిగా ఖాళీ అయిపోతే ఆ ఊపు చెదిరిపోతుంది. పైగా గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతుంది. ఇవేవీ ఆమెకు ఒకరు చెప్పినవి కావు. గొట్టాలు కోసి, అతికించి, బండిని గడ్డ ఎక్కించి, దింపి, మళ్ళీ కోసి తెలుసుకున్నవి. ఇంజను దగ్గరి వంపు గొట్టాన్ని ముట్టుకోకూడదు. జాలిని పూర్తిగా తీయకూడదు, దాని చిల్లులు మాత్రం మార్చాలి. చుట్టూ కాలని గాజు దూది కూరాలి. ఆమె అంత చేశాక ముబారక్ కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు ఒక సైజు పెంచేవాడు. అప్పుడు బండి గర్జించేది, గడ్డా ఎక్కేది.

"పెనుకొండ పైపు" అని పేరు పడింది. శనివారం వస్తే షెడ్డు ముందర బండ్లు వరసకట్టేవి.

ఒక సాయంత్రం పక్క వీధి నల్లమ్మ పసి మనవరాలిని చంకనేసుకుని షెడ్డుకు వచ్చింది. కూతురు కాన్పుకు వచ్చి ఇంట్లో ఉంది. నల్లమ్మ కేకలు వేయలేదు.

"షహనాజూ, ఈ పాప దినామూ ఉలిక్కిపడి లేచి నీలంగా అయ్యేదాకా ఏడుస్తాది. మా వీధిలో తిరిగే ఆ బండి గొట్టం నువ్వు చేసిందేనంట కదా."

షహనాజ్ చేతులు తుడుచుకుని బిడ్డను ఎత్తుకుంది. అదే సమయానికి రోడ్డు మీద ఏదో బండి పేలింది. పసిబిడ్డ ఒళ్ళంతా బిగుసుకుపోవడం ఆమె చేతులకు తెలిసింది.

ఆ నెలలోనే హిందూపురంలో పోలీసులు సౌండు సైలెన్సర్లన్నీ పీకించి రోడ్డు మీద పరిచి రోలర్ తొక్కించారు. అక్కడే ఉన్న తన అక్క ఇంటికి పోయిన షహనాజ్ జనంలో నిలబడి చూసింది. రోలర్ కింద పడినవాటిలో తన అతుకులు తనకు కనిపించాయి. ఎవరి చేతిరాత వాళ్ళకు తెలియదా? తిరిగొచ్చి భర్తతో ఒక్క మాటే అంది. "ఆ పని ఇంక వద్దు." శనివారాల వరస తగ్గిపోయింది. మళ్ళీ పగుళ్ళు అతికించడం, తుప్పు గోకడం, రైతుల స్ప్రేయర్ గొట్టాలు బాగుచేయడం. బతుకు కొంచెం బిగువైంది. అయినా ఆమె ఆ మాట మీద నిలబడింది.

ఇది ఇట్లా ఉండగా చిన్నప్ప సంగతి జరిగింది.

చిన్నప్పది కొండ మీది చిన్న పల్లె, బండమీదపల్లె అంటారు. అక్కడి ఇళ్ళలో పాలన్నీ క్యాన్లలో పోయించుకుని, తెల్లవారగానే బండికి రెండు పక్కలా కట్టుకుని మా కేంద్రానికి తెస్తాడు. మధ్యాహ్నం దాణా మూటలు వేసుకుని కొండెక్కుతాడు. దారి మట్టిది, గుంతలది. పైకి పోయేకొద్దీ బండరాళ్ళ మధ్య మలుపులు. రెండు పక్కలా సీతాఫలం పొదలు. కాయలు పండే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ పొదల్లోనే ఉంటాయి.

ఒకరోజు ఆ పల్లె పాలు రాలేదు. బండి చెడిందేమో అనుకున్నాను. కాసేపటికి కబురు వచ్చింది, చిన్నప్పను ఎలుగుబంటి కొట్టింది, పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోతున్నారు అని.

మనిషి బతికాడు. ఎడమ భుజం నుంచి మోచేతిదాకా కుట్లు. తల మీద కుట్లు. ఒక చెవి సగమే మిగిలింది. ఇంటికి వచ్చాక కూడా బండి ముట్టుకోలేకపోయాడు. పల్లెవాళ్ళు తలా ఇంత పాలు మోసుకుని కొన్నాళ్ళు నడిచి దిగారు. కొందరు విసిగిపోయి ఆవుల్ని అమ్ముకోవాలని చూశారు. ఆ కొండ మీద వానలు నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్ళకు రోజూ ఇంత దుడ్లు కళ్ళజూపేది ఆ పాలే.

ఒక మధ్యాహ్నం చిన్నప్ప నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అన్నా, నా బండికి సౌండు పెట్టించల్ల. ఆ యక్క మానేసిందంట. నువ్వు ఒక మాట చెప్పు" అన్నాడు. నాకు నమ్మకం లేకపోయినా వెంట పోయాను.

షహనాజ్ ఒక స్టాండు అతికిస్తోంది. తల ఎత్తలేదు.

"సౌండు పని చేయనప్పా. మానేసి చానా దినాలాయ."

"పిలకాయల మాదిరి కాదక్కా నాది."

"అందురూ అట్లనే అంటారు."

చిన్నప్ప తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. ఆమె తల ఎత్తి చూసి మంట ఆర్పేసింది. ముబారక్ చేతిలో స్పానరు పెట్టేసి స్టూలు తెచ్చి వేశాడు.

"ఎట్లయ్యింది?" అని అడిగింది షహనాజ్.

"నా పాత బండికి సైలెన్సరు తుప్పుపట్టి సగం రాలిపోయిండె. డబడబమని పోతాంటే కొండంతా వినపడేది. ఎలుగొడ్లు ముందే తప్పుకునేవి. ఇన్నేండ్లలో నేను వాటిని చూసింది గూడా తక్కువ. మొన్న అది అమ్మి, ఈ మంచి బండి తీసుకుంటి. ఇది పిల్లి మాదిరి పోతాది. పెద్దబండ మలుపు తిరిగినానో లేదో, ఎదురుగా తల్లి ఎలుగు. పిల్లల్ని ఏసుకోని కాయలు తింటాండాది. నేను దాని మీదికి పోయేదాకా దానికీ తెలీదు, నాకూ తెలీదు. దాన్ని తిట్టుకోని ఏం ఫలమక్కా? పిల్లల తల్లి అది."

"హారన్ లేదా బండికి?"

"కొట్టుకుంటానే పోయినా. మలుపు కాడ బండ అడ్డం. ఆ కీచుశబ్దం బండకు తగిలి నా మీదికే వస్తాది. అవతలికి పోదు."

"జాలి పొడిపించుకోకపోయినావా?"

"మా బామ్మర్ది పొడిచినాడు. క్యాన్లు కట్టుకోని వాడే ఎక్కిస్తే సగం గడ్డకే బండి నిలిచిపోయింది. మళ్ళా కంపెనీ సైలెన్సరే పెట్టించుకున్నా."

షహనాజ్ భర్త వైపు చూసింది. ముబారక్ కళ్ళతోనే నీ ఇష్టం అన్నట్టు చూశాడు.

"బండి మీ బామ్మర్దితో ఈడికి తెప్పించు. చేస్తా అనడంల్యా. చూస్తా అంటాండా" అంది.

ఆ శుక్రవారం భార్యాభర్తలు కొండ దారి చూడటానికి పోయారు. నేనూ వెంట పోయాను. మూడు బండ్లు తీసుకుపోయాం. ఒకటి చిన్నప్ప బండి, ఇంకొకటి ఎవరిదో జాలి పొడిచిన బండి, మూడోది సైలెన్సర్‌కు పెద్ద చిల్లి పడ్డ ఒక ముసలి బండి. షహనాజ్ పెద్దబండకు అవతల ఒక రాతి మీద కూర్చుంది. ముబారక్ ఒక్కో బండిని కింది నుంచి తీసుకొచ్చాడు. జాలి పొడిచిన బండి మా పక్కనుంటే చెవులు పగిలిపోయాయి. కానీ బండరాయి అవతల కూర్చున్న ఆమెకు అది సరిగ్గా మలుపు దగ్గరికి వచ్చేదాకా ఏమంత వినపడలేదట. ముసలి బండి మాత్రం మా చెవికి అంత పెద్దగా అనిపించకపోయినా, కింది నీళ్ళవంక దగ్గర ఉన్నప్పుడే ఆమెకు అందిందట.

"పగిలే సౌండు బండను దాటదు. మోగే సౌండు దాటుతాది" అని తేల్చింది ఆమె. "పెండ్లిలో సన్నాయి గుమ్మం కాడ ఆగిపోతాది, డోలు ఊరి బయటికి వినపడుతాది. మనకు డోలు కావల్ల."

అక్కడ మొదలైంది అసలు పని. ఉన్న సైలెన్సర్‌ను కదిలించకూడదని ముందే అనుకుంది. కింద ఊళ్ళో బడి ఉంది, బాలింతలున్నారు, ముసలివాళ్ళున్నారు. అక్కడ బండి పిల్లిలాగే పోవాలి. కాబట్టి వంపు గొట్టం దాటాక పక్కకు ఒక చిన్న గొట్టం చీల్చి, చెరువు తూముకు తలుపు ఉన్నట్టు దానికొక రేకు తలుపు పెట్టాలి. తలుపు మూస్తే పొగ మామూలు దారిన పోతుంది. తెరిస్తే కొంత పక్కదారి పడుతుంది. హ్యాండిల్ దగ్గర చిన్న లివర్ పెట్టి, దాని నుంచి తలుపుకు తీగ.

మొదటి పైపు పొట్టిగా చేసింది. టపాకాయలా పేలింది. తీసి మూలన పడేసింది. రెండోసారి మందపు రేకుతో డబ్బా ఒకటి చేసి, లోపల చిల్లుల గొట్టం పెట్టి, తోకను పొడుగ్గా లాగింది. శబ్దం కిందికి దిగింది, మందంగా మోగింది. క్యాన్ల నిండా నీళ్ళు పోసి ముబారక్ కొండ ఎక్కించాడు. పెద్దబండ కిందున్న నిటారు గడ్డ దగ్గర బండి ఆయాసపడింది. ఆమె పక్క గొట్టాన్ని సన్నం చేసింది. ముబారక్ జెట్టు మార్చాడు. మళ్ళీ ఎక్కించారు. కొంచెం మేలు. మళ్ళీ సన్నం చేశారు. చివరికి తలుపు మూసినా తెరిచినా బండి ఒకే ఊపున ఎక్కే రోజు వచ్చింది. ముబారక్ పైనుంచి దిగి వచ్చి, మసిచేత్తోనే భార్య బుగ్గ గిల్లాడు. "సిగ్గులేదా, అన్న చూస్తాండాడు" అని ఆమె చెయ్యి తోసేసింది. నేను కొండ వైపు చూశాను.

కానీ నాలుగు రోజులకే తలుపు తెరుచుకుని మూతపడకుండా నిలిచిపోయింది. వేడికి స్ప్రింగు మెత్తబడిపోయింది. మామూలు స్ప్రింగులు ఎన్ని మార్చినా అంతే. షహనాజ్ ధర్మవరం పోయింది. అక్కడ మరమగ్గాలు బాగుచేసే దేవదాసు అనే ఆయన ఉన్నాడు. మగ్గం స్ప్రింగులు రోజంతా కొట్టుకుంటూనే ఉంటాయి గదా, వాటిలో ఏదైనా ఆగుతుందేమోనని ఆమె ఆశ. దేవదాసు తలుపు చూసి, స్ప్రింగు చూసి నవ్వాడట.

"అమ్మా, స్ప్రింగు ఏదైనా నిప్పులో పెడితే నిలుస్తాదా? దాన్ని నిప్పు కాడ యాల పెట్టినావు? తలుపుకు ఒక కడ్డీ కట్టి, స్ప్రింగును సీటు కిందికి తెచ్చుకో."

"నా తలకాయకు అది తట్టల్యా చూడన్నా" అని ఆమె నెత్తి కొట్టుకుని, ఆయన ఇచ్చిన స్ప్రింగు తీసుకుని వచ్చింది. ఈ సంగతి తనే అందరికీ చెబుతుంది. ఎవరైనా పైపును మెచ్చుకుంటే, "స్ప్రింగు మాత్రం ధర్మవరం దేవదాసన్నది" అని తప్పకుండా అంటుంది.

బండి సిద్ధమైంది. చిన్నప్ప సిద్ధం కాలేదు. షెడ్డుకు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. లివర్ నొక్కి చూశాడు. హ్యాండిల్ పట్టుకున్నాడు గానీ కాలు ఎత్తి ఎక్కలేకపోయాడు. వెంట వచ్చిన భార్య చౌడేశ్వరి ముఖం తిప్పుకుంది.

షహనాజ్ చూసి, నల్లద్దాలు తీసి గోడకు తగిలించింది.

"వెనకాల కూర్చో. నేను నడుపుతా."

"నువ్వా అక్కా?"

"నేను చేసిన పైపు నేను ఎక్కించకపోతే ఎట్ల?"

రెండు క్యాన్లూ నీళ్ళతో నింపి కట్టారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె ముందు, మెడ చుట్టూ తువ్వాలు బిగించుకుని చిన్నప్ప వెనక. ముబారక్, నేను ఇంకో బండి మీద వెనకాల పోయాం. ఊరు దాటేదాకా ఆ బండి పోతున్నదని కూడా తెలియలేదు. కొండ మొదలు దగ్గర ఆమె లివర్ లాగింది. దడ్‌దడ్‌దడ్‌మని, ఛాతీలోకి దిగే శబ్దం. చెవులకు బాధ లేదు గానీ కాళ్ళ కింద నేల మోగినట్టుంది. గుంతల్లో ఆమె పాదాలు నేలకు తగిలిస్తూ, గేరు మార్చకుండా, ఒకే లాగుడుతో ఎక్కించుకుపోయింది. నిటారు గడ్డ మీద మా బండి వెనకబడింది. ఆమెది ఆగలేదు.

పెద్దబండ మలుపుకు ఇంకా దూరముండగా ఆమె బండి ఆపి, ఇంజను ఆపకుండా, పైకి చెయ్యి చూపించింది. మలుపు అవతలి వాలులో సీతాఫలం పొదలు కదులుతున్నాయి. కాసేపటికి నల్లటి తల్లి ఎలుగు పొదల్లోంచి బయటికి వచ్చింది. వీపు మీద ఒక పిల్ల, వెనక ఇంకొకటి. అది పరుగెత్తలేదు, మా వైపు తిరగనూ లేదు. సంతలో బస్సుకు దారి ఇచ్చే మనిషిలా తీరిగ్గా బండరాళ్ళ మీదుగా ఎక్కి అవతలికి దిగిపోయింది.

షహనాజ్ దిగి, హ్యాండిల్ చిన్నప్ప వైపు వంచింది.

"ఇంక నువ్వు పట్టు. నేను వెనకాల కూర్చుంటా."

అతను పట్టుకున్నాడు. మొదట బండి కొంచెం అటూ ఇటూ ఊగింది. మలుపు తిరిగాక నిలకడగా పోయింది. పల్లెలోకి పోయేసరికి జనమంతా బయట నిలబడి ఉన్నారు. శబ్దం చాలాసేపటి నుంచే వాళ్ళకు అందుతోంది. ఒక ముసలమ్మ షహనాజ్‌కు చెంబుతో మజ్జిగ ఇచ్చి, "ఏ ఊరి దానివి తల్లీ, మొగోని మాదిరి బండి తోలుకొచ్చినావు" అంది. "హిందూపురం దాన్నవ్వా. మొగోని మాదిరి కాదులే, ఆడదాని మాదిరే తోలినా" అంది షహనాజ్.

మరునాటి నుంచి ఆ పల్లె పాలు మళ్ళీ మా కేంద్రానికి రావడం మొదలైంది.

కథ అక్కడితో బాగుండేదే. కానీ ఒక ఉదయం చిన్నప్ప ఆలస్యమై, హడావిడిలో లివర్ మూయడం మరిచి, ఊళ్ళోకి అదే మోతతో వచ్చాడు. బడి ముందర ఎస్సై మాధవి బండి ఆపించి స్టేషనుకు పంపింది. నేను కబురు చేయగానే షహనాజ్ వచ్చింది. ఎస్సై ముందర నిలబడి, "ఆ గొట్టం చేసింది నేనమ్మా. ఆయప్పను ఏమీ అనొద్దు" అంది. బండి దగ్గరికి తీసుకుపోయి, తలుపు మూసి తెరిచి చూపించింది. చిన్నప్ప చెవి చూపించాడు.

ఎస్సై అంతా శ్రద్ధగా విన్నది. కొట్టిపారేయలేదు, కరగనూ లేదు.

"మీరు చెప్పేది నాకు అర్థమైంది. కానీ దీనికి నేను అనుమతి ఇవ్వలేను. చట్టంలో అట్లాంటిది లేదు. ఈరోజు జరిమానా కట్టి తీసుకుపోండి. ఊళ్ళో ఇంకోసారి వినపడితే బండి ఇవ్వను" అని, కొంచెం ఆగి అడిగింది. "మనిషన్నాక మరిచిపోతాడు. మరిచిపోతే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్న సరైనదని షహనాజ్‌కు తెలుసు. షెడ్డుకు పోయి లివర్ పీకేసింది. దాని చోట క్లచ్ పక్కన బ్రేకులాంటి చిన్న పిడి పెట్టింది. రెండు వేళ్ళతో పట్టుకున్నంతసేపే తలుపు తెరుచుకుంటుంది. వదిలితే దేవదాసు స్ప్రింగు టక్కున మూసేస్తుంది. మరిచిపోవడానికి వీలే లేదు. పని అయ్యాక తనే బండి నడుపుకుంటూ స్టేషను ముందరినుంచి పోయి, ఆగి, లోపలికి పోయి ఎస్సైకి చూపించి వచ్చింది. "ఆమె ఏమందక్కా?" అని నేను అడిగితే, "ఏమీ అన్ల్యా. టీ తాగిపొమ్మనింది" అంది. ఆ తర్వాత ఎస్సై అటవీశాఖ వాళ్ళకు చెప్పిందో, పల్లెవాళ్ళు పెట్టుకున్న అర్జీ పనిచేసిందో తెలియదు గానీ, మలుపుల దగ్గర దారి పక్క పొదలు కొట్టించారు. అదీ మేలే అయింది.

ఈ పిడి పైపు సంగతి పాకి హిందూపురం నుంచి పిల్లలు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. శ్రీకాంత్ అని బాగా కలిగిన ఇంటి పిల్లవాడు, ఖరీదైన బండి. "అక్కా, పోలీసోళ్ళు వస్తే వదిలేస్తా, మూసుకుంటాది. నాకూ పెట్టు" అని బతిమాలాడు.

"నీ దారిలో ఎలుగొడ్డు ఉండాదా?" అంది ఆమె.

"లేదక్కా."

"మనుషులు ఉండారు కదా. వాళ్ళు తప్పుకునే పని లేదు."

అతను ఎంత డబ్బయినా ఇస్తానన్నాడు. ఆమె అప్పటికే మంట వెలిగించి, అద్దాలు దించుకుంది. చివరికి అతని బండి బోల్టు ఒకటి వదులుగా ఉందని తనే పిలిచి బిగించి పంపింది. దానికి ఏమీ తీసుకోలేదు.

కొండ పల్లెల వాళ్ళు వస్తే మాత్రం వేరే. వేరుశనగకు కాపలా పోయే రైతులు, కరెంటు లైను చూసే గంగాధర, ఆ దారుల్లో తిరిగే ఇంకొందరు. ముందు ఆమె ఆ దారికి పోయి చూస్తుంది. అవసరం నిజమైతేనే చేస్తుంది. ఏ దారికి ఎంత గడ్డ ఉంటే పక్క గొట్టం అంత సన్నం, ఏ బండి ఎంత బరువు మోస్తే జెట్టు అంత. ఒక పైపు లాగా ఇంకొకటి ఉండదు.

ఈ వానాకాలం చిన్నప్ప జ్వరంతో పది రోజులు మంచం పట్టాడు. పల్లె పాలు ఆగకూడదని చౌడేశ్వరి షెడ్డుకు వచ్చి కూర్చుంది. "అక్కా, నాకు బండి నేర్పించు" అంది. రోజూ సాయంత్రం బడి వదిలాక మైదానంలో షహనాజ్ ఆమెకు నేర్పించింది. మొదట ఖాళీ బండి, తర్వాత ఖాళీ క్యాన్లతో, తర్వాత నీళ్ళతో. ఒకసారి పడింది, మోచెయ్యి గీరుకుంది. "లెయ్ లెయ్, పాలు ఒలికిపోతాయి" అని షహనాజ్ అరిచింది. ఇద్దరూ నవ్వుకుంటూ బండి లేపారు.

ఇప్పుడు చిన్నప్ప లేచి తిరుగుతున్నాడు గానీ, ఉదయం పాలు చౌడేశ్వరే తెస్తోంది. మేం కేంద్రం తలుపులు తీసేసరికి కొండ వైపు నుంచి ఆ డోలు మోత లీలగా వినబడుతుంది. ఊరు దగ్గరపడగానే ఆగిపోతుంది. కాసేపటికి ఏ చప్పుడూ లేకుండా వచ్చి, "అన్నా, క్యాన్లు దించు" అంటుంది.